కోళ్ళను లోపల పెట్టిన చలికాలం

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను ఆ మాటలో మొదటి సగం దగ్గరే ఆగిపోయే మనిషిని. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగినట్టే ఇదీ ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా రావలసిన వేళకు రాకపోతే నా మనసు ఆసుపత్రి దాకా వెళ్ళి, ఏ మంచం మీద పడుకోబెట్టారో కూడా చూసి వస్తుంది. మా ఆయన దీనికి వార్తలని పేరు పెట్టారు. పొద్దున్నే నేను నోరు తెరిస్తే చాలు, "ఉండండి ఉండండి, వార్తలు మొదలయ్యాయి" అంటారు. ఏళ్ళ తరబడి లారీ నడిపి, నడుము పాడుచేసుకుని ఇంట్లో కూర్చున్న మనిషి. ఆయనకు వేళాకోళం తప్ప వేరే పని మిగల్లేదు.

అంత భయస్తురాలినై ఉండీ ఆ చలికాలం వచ్చిన కీడును మాత్రం ఎంచలేకపోయాను. కుక్కలు పడతాయని భయపడ్డాను. గద్దలకు భయపడ్డాను. తెగులొచ్చి కోళ్ళన్నీ ఒక్క పూటలో తలలు వాల్చేసినట్టు పీడకలలు కన్నాను. తెగులు మా గడప తొక్కకుండానే మాకు ఆ గతి పడుతుందని నా బుర్రకు తట్టలేదు.

మా ఇంటి వెనక ఏటవాలు నేల ఉంది. నాగలి దిగని రాతి నేల. గడ్డి మొలుస్తుంది, రాయి కదిపితే పురుగులు దొరుకుతాయి. కోడికి అంతకంటే ఏం కావాలి? మా అబ్బాయి అక్కడే నూరు పైచిలుకు పెట్టలను పెంచాడు. పొద్దున్న గూడు తలుపు తీస్తే అవి రైలు దిగిన జనంలా తోసుకుంటూ బయటపడేవి. పగలంతా ఎక్కడెక్కడో గీరుకుని తిని, పొద్దు వాలుతుంటే పిలవకుండానే తిరిగొచ్చి కర్రలెక్కి కూర్చునేవి. గూడు వాడే కట్టాడు, పాత లారీ చెక్కలతో. కడుతుంటే చూసి, "మరీ ఇరుగ్గా లేదూ?" అన్నాను.

"రాత్రి పడుకోవడానికే కదమ్మా. పగలు వీటి ఇల్లు అదీ" అని ఆ ఏటవాలు మొత్తం చూపించాడు, రాజుగారు రాజ్యం చూపించినట్టు. వాడి ముఖం చూసి నేను ఇంకేమీ అనలేదు.

ఆ ముఖం కోసమే ఈ కోళ్ళన్నీ. అంతకుముందు వాడు రోడ్డుకు అవతల దూరంగా ఉన్న కంపెనీ షెడ్లలో పనిచేసేవాడు. అక్కడ కోళ్ళు ఇనుప బోనుల్లో బతుకుతాయి. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుని చంపుకుంటాయని, పిల్లలుగా ఉన్నప్పుడే వాటి ముక్కు చివరలు తీసేస్తారు. ఎర్రగా కాలిన బ్లేడున్న మిషను ఒకటుంటుంది. దాని ముందు కూర్చుని పిల్ల తరవాత పిల్లను పట్టుకుని ముక్కు ఆనించడం వాడి పని. జీతం బాగానే ఇచ్చేవారు. వాడే ఇంటికొచ్చి మాట్లాడేవాడు కాదు. పళ్ళెం ముందు కూర్చుని, వేళ్ళు వాసన చూసుకుని, లేచిపోయేవాడు. ఒకరోజు పనికి బయల్దేరి మా గేటు దాకా వెళ్ళి, అక్కడే ఎండెక్కేదాకా నిలబడి, తిరిగొచ్చాడు. "ఇంక నా వల్ల కాదమ్మా" అన్నాడు. నేను ఏడ్చాను. ఉద్యోగం పోయిందని కొంత, వాడు చాలా కాలానికి ఒక పూర్తి మాట మాట్లాడాడని కొంత.

ఈ కోళ్ళు నిలబడకపోతే వాడు మళ్ళీ ఆ మిషను దగ్గరికే పోవాలి. మా చుట్టుపక్కల వేరే పని లేదు. ఇంట్లో నలుగురికీ తెలిసిన ఈ మాటను మేము ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం పశువుల డాక్టరు గారు మోటారు సైకిలు మీద వచ్చి గేటు బయటే ఆగిపోయారు. బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని ఉన్నారు. అది చూడగానే నేను చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళాను.

"లోపలికి రండి సార్" అన్నాడు మావాడు.

"రాకూడదయ్యా. నా కాళ్ళకేం అంటుకుందో నాకే తెలీదు. షెడ్లలో తెగులు పడింది. అక్కడి కోళ్ళన్నిటినీ చంపేస్తున్నారు. వలస పిట్టలు తెచ్చాయంటున్నారు మరి." ఆయన గొంతు తగ్గించారు. "ఇవాళ్టి నుంచి మీ కోళ్ళు బయట తిరగకూడదు. పైనుంచి పిట్ట రెట్ట కూడా పడని చోట ఉంచాలి."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ చెప్పేదాకా."

"అమ్ముకోవచ్చా, పోనీ?" అని నేను అడిగాను.

"ఒక్క కోడి కూడా ఈ గేటు దాటకూడదమ్మా. గుడ్లకు అభ్యంతరం లేదు. బయట ఒక్కటి కనబడినా సరే, మందంతా చంపి పాతెయ్యమని ఆర్డరు. ముందే చెబుతున్నాను, తరవాత నన్ననుకోవద్దు."

మా ఆయన అరుగు మీంచి కేకేశారు. "అంటే కోళ్ళకు కర్ఫ్యూ అన్నమాట. పర్లేదు డాక్టరు గారూ, నన్నూ ఇలాగే ఉంచారు ఇంట్లో. అలవాటైపోతుంది."

డాక్టరు గారు నవ్వి వెళ్ళిపోయారు. మావాడు గేటు దగ్గరే నిలబడి గూడు వైపు చూస్తున్నాడు. చూసి చూసి, "పడుకోవడానికే కదా కట్టాను" అన్నాడు, ఎవరితోనో.

లారీ టార్పాలిన్ తెచ్చి గూటి ముందు చూరులా కట్టారు తండ్రీ కొడుకులు. పక్కల వల బిగించారు. దాంతో ఓ మంచం వేసుకునేంత చోటు పెరిగింది. మొదట్లో కోళ్ళకు సంగతి అర్థం కాలేదు. పొద్దున్నే అన్నీ తలుపు దగ్గర గుమిగూడి, భోజనాల పిలుపుకు లేచిన పెళ్ళివారిలా హడావిడి పడేవి. తలుపు తెరుచుకోదు. వెనకవి ముందువాటి మీదికెక్కేవి. టకటకమని చెక్క మీద పొడిచేవి. వంటింట్లో నాకు ఆ చప్పుడు వినబడుతూనే ఉండేది. ఎవరో అప్పులవాళ్ళు తలుపు కొడుతున్నట్టు ఉండేది.

వాటిల్లో ఒక బూడిదరంగు పెట్ట ఉంది. ఆకు కదిలినా ముందు అదే అరుస్తుంది, మిగతావాటిని పరుగులు పెట్టిస్తుంది. నాకు వినబడదనుకుని మా కోడలు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టింది. నాకు వినబడింది. నిజం చెప్పాలంటే పేరు సరిపోయింది కూడా. అందుకే ఊరుకున్నాను. తలుపు మూసిన నాలుగో రోజుకో ఐదో రోజుకో ఆ కోడి అరవడం మానేసింది. లోపల ఒక మూల వెనక్కి తిరిగి నిలబడేది.

"అత్తయ్యా, దీనికేమైందో చూడండి" అంది కోడలు.

"నాకేం తెలుసు తల్లీ. దాని కోడలు ఏమందో" అన్నాను.

కోడలు నాలుక కరుచుకుని, నన్ను చూసి, పకపకా నవ్వింది. ఆ చలికాలంలో మా ఇంట్లో వినబడిన నవ్వుల్లో అదొకటి. లెక్కపెట్టేటన్ని లేవు కాబట్టి గుర్తుంది.

వాటికి పొద్దుపోవడానికి మావాడు చెయ్యని పని లేదు. క్యాబేజీలను తాడు కట్టి వేలాడదీశాడు. గడ్డి కోసి తెచ్చి కింద మందంగా పరిచి, అందులో నూకలు దాచాడు. వెలుతురు తక్కువైతే నెమ్మదిగా ఉంటాయని కిటికీకి గోనె కట్టాడు. క్యాబేజీ మధ్యాహ్నానికి మొండెమయ్యేది. తరవాత అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడేవి.

గుడ్లు తగ్గాయి. పెట్టినవాటి సొన కూడా పాలిపోయింది. గడ్డి తిన్న కోడి సొన ముదురు రంగులో ఉంటుంది. అందుకోసమే టౌన్లో బేకరీ ఆవిడ మా గుడ్లు తీసుకునేది. కోడలు స్కూటరు మీద పట్టుకెళ్ళి ఇచ్చేది. ఒకరోజు బుట్ట సర్దుతూ ఆలూమగలు వాదులాడుకున్నారు.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ? ఇది గడ్డిలో పెట్టింది, ఇది గూట్లో పెట్టింది అని గుడ్డు మీద రాసుంటుందా?"

"పగలగొడితే తెలుస్తుంది."

"ఆవిడకు రోజూ పగలగొట్టడమే పని. ఇంకా అడగలేదు. అడిగినప్పుడు చెబుదాం."

"అడగక ముందే చెప్పు. బయట తిరిగిన కోళ్ళ గుడ్లని చెప్పే కదా మనం అమ్మింది."

"మీరూ మీ గుడ్డుకు ఈకలు పీకడమూ!" అని కోడలు హెల్మెట్టు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి బుట్టలో సగం గుడ్లు అలాగే ఉన్నాయి. నేను అడగకముందే చెప్పింది.

"చెప్పాను. మీ నిజాయితీకి దండం పెడతానమ్మా, కానీ గడ్డిలో తిరిగిన కోడి గుడ్లని బయట బోర్డు పెట్టుకున్నాను కదా అంది. లోపలున్న కోడి గుడ్డే కావాలంటే నాకు సూపర్ మార్కెట్లో సగం ధరకు దొరుకుతుంది అంది. కోప్పడలేదత్తయ్యా. టీ కూడా ఇచ్చింది. దానికే నాకు ఏడుపొచ్చింది."

మావాడు విని, తలూపి, గూటి వైపు వెళ్ళిపోయాడు. ఆ పూట నేను నా వార్తలు చదవలేదు. చదవడానికి ఏముంది, అందరూ చూస్తున్నదే.

తరవాత నెత్తురు కనబడింది.

ఒక తెల్ల పెట్ట తోక మొదట్లో ఈకలు ఊడి, అక్కడ రూపాయి బిళ్ళంత మేర పచ్చిగా ఉంది. మావాడు దాన్ని బయటికి తెచ్చి కడిగాడు. విడిగా ఉంచమని నేనన్నాను. వాడు వేరే బుట్టలో పెట్టాడు కానీ అది గింజ ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు, గూటి వైపే తిరిగి సన్నగా మూలిగింది. కోడి జాతి ఒంటరిగా ఉండలేదు. వాడు అది చూడలేకపోయాడు. అప్పుడు మా ఆయన లేచి, లారీలో ఉండే మందుల డబ్బా తెచ్చారు. జీవితమంతా తన చేతులకూ మోకాళ్ళకూ రాసుకున్న ఎర్ర మందు అందులో ఉంది.

"దీన్ని మించింది లేదురా. ఇంజను కింద చెయ్యి నలిగినప్పుడు కూడా ఇదే రాశాను" అంటూ పుండు మీద దట్టంగా పూశారు. తెల్లటి ఈకల మీద ఎర్రగా పరుచుకుంది. ఎంతో జాగ్రత్తగా, దూదితో అంచులు తుడిచి మరీ రాశారు. చంటిపిల్లకు రాసినట్టు. దాన్ని తోటి కోళ్ళలోకి వదిలేసి, చేతులు కడుక్కుని, టీ పెట్టమన్నారు.

మేము టీ తాగి వచ్చేసరికి ఆ కోడి లేదు. ఉంది కానీ, నేను రాయను. మిగతావాటి ముక్కులన్నీ ఎర్రగా ఉన్నాయి.

అంతటితో ఆగలేదు. రుచి మరిగాయి. ఆ వారంలో రోజూ పొద్దున్న ఒకటో రెండో బయటికి తీసుకొచ్చేవాడు మావాడు. గోనెలో చుట్టి, మాకు కనబడకుండా అటునుంచి తీసుకెళ్ళేవాడు. కనబడకపోతే తెలియదా? గొయ్యి తవ్వే చప్పుడు తెలుస్తుంది.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే వచ్చారు. వల బయటినుంచే చూశారు. ఎర్ర మరకలు చూసి, "ఆ మందు ఎవరు రాశారు?" అని అడిగారు.

వేళాకోళం లేకుండా మా ఆయన నోరు మూసుకుని ఉండటం నేను అప్పుడే చూశాను.

"నీలం మందు రాయాలి సార్. ఎరుపు కనబడితే వాటికి ఆగదు" అన్నారు డాక్టరు గారు, మెత్తగానే.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు మావాడు.

"చోటు పెంచగలవా?"

"దేంతో?"

"బయటికి వదలడానికి లేదు. వదిలితే నేనే వచ్చి చంపించాలి. ఇంకో నెలో, రెండు నెలలో పట్టొచ్చు. ఇలాగే వదిలేస్తే నీకు మిగిలేవి పదో పదిహేనో." ఆయన వంగి, బూటుకున్న సంచి సర్దుకున్నారు. "ఇంకోటి ఉంది. నీకు నేను చెప్పక్కర్లేదు. నాకంటే నీకే బాగా తెలుసు."

మావాడు ఆయన ముఖంలోకి చూడలేదు. వల బిగించిన మేకుల్ని ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూస్తున్నాడు, గట్టిగా ఉన్నాయో లేదో అని.

మర్నాడు టీ తాగాక వాడు పెరట్లోకి స్టవ్వు పట్టుకెళ్ళాడు. వాళ్ళ నాన్న పనిముట్ల పెట్టెలోంచి రెండు పాత ఉలులు తీసి, రాయి మీద నూరాడు. ఒకటి కాలుతుంటే ఒకటి వాడుకోవడానికి. ఒక బల్ల, దాని ముందు ఒక ముక్కాలి పీట. వెలుతురు వెనకనుంచి పడేలా పీట జరుపుకున్నాడు. ఇవన్నీ ఎవరినీ అడగకుండా, ఎక్కడా తడుముకోకుండా చేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అమ్మా, నువ్వు పట్టుకుంటావా? రెక్కలూ కాళ్ళూ కలిపి పట్టుకోవాలి. నీ కోడలు అందిస్తుంది. నాన్న అటువైపు వదులుతారు."

"నాకు చేతకాదురా."

"చేతనవుతుంది. నేను చెబుతాగా."

కోడలు మొదటిదాన్ని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. మావాడు ఎడమచేతి బొటనవేలు దాని తల వెనక, చూపుడువేలు గొంతు కింద పెట్టాడు. గొంతు దగ్గర సన్నగా నొక్కితే నాలుక వెనక్కి పోతుంది, కాలదు. అది నాకు చెప్పలేదు, చేస్తుంటే తెలిసింది. ఎర్రగా కాలిన ఉలి ఆనించాడు. గోరు కాలిన వాసన వేసింది. కోడి ఒక్కసారి ఒళ్ళంతా బిగుసుకుంది. అంతే.

వాడి చేతులు వణుకుతాయనుకున్నాను. రెండోదానికో మూడోదానికో ఉలి పారేసి లేచిపోతాడనుకున్నాను. అప్పుడు ఏమనాలో, ఎలా ఓదార్చాలో రాత్రంతా అల్లి పెట్టుకున్నాను. చేతులు వణకలేదు. ముఖంలో ఏమీ లేదు. కోడి వెంట కోడి వస్తుంటే వాడి వీపు నిటారుగా అయింది, భుజాలు సర్దుకున్నాయి. ఎంత కోయాలో అంతే, ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా. ఏదో పాటకు కాలు ఆడించినట్టు వాడి మడమ నేల మీద ఆడుతోంది. ఆ మిషనుకు కాలితో తొక్కే మీట ఉంటుందని ఎప్పుడో చెప్పాడు.

"ఊఁ, తర్వాతది" అన్నాడు.

నాకు అర్థం కాక అలాగే ఉన్నాను.

"తర్వాతది" అన్నాడు మళ్ళీ, తలెత్తకుండా. అమ్మా అనలేదు. నేను ఎవరో వాడికి తెలియడం లేదు. పక్కన పనిచేసే మనిషిని, అంతే.

నేను తర్వాతది అందుకున్నాను.

మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి కోడలు బూడిదరంగు పెట్టను గుండెకు హత్తుకుని వచ్చింది. "ఇది ఎవర్నీ పొడవదండీ. మూల నిలబడుతుంది పాపం. దీన్ని వదిలేద్దాం."

"అన్నిటికీ చెయ్యాలి."

"ఒక్కటేగా."

"ముక్కున్నది ఒక్కటుంటే లేనివాటిని ఆడుకుంటుంది. ఇలా తే."

కోడలు కదల్లేదు. వాడు కోప్పడలేదు. కాలిన ఉలి చల్లారిపోకుండా మంట మీద పెట్టి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు, క్యూలో మనిషి పర్సు వెతుక్కుంటుంటే కౌంటరులో గుమాస్తా కూర్చున్నట్టు. కాసేపటికి కోడలే తెచ్చి నాకిచ్చింది. ఇచ్చి, ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ కోడి నా చేతుల్లో కూడా అరవలేదు.

పని అయ్యాక వాడు బల్ల కడిగాడు, ఉలులు తుడిచి పెట్టెలో సర్దాడు. పళ్ళెం ముందు కూర్చున్నాడు. వేళ్ళు వాసన చూసుకోలేదు. కడుపునిండా తిన్నాడు. అదే నన్ను తినేసింది.

పొడుచుకోవడం ఆగింది. గూట్లో చప్పుడే ఆగింది. ముక్కు నొప్పికి చాలా రోజులు సరిగ్గా తినలేదు. గుడ్లు దాదాపు పెట్టలేదు. దాణా మాత్రం తేవాలి కదా, పెట్టినా పెట్టకపోయినా. బేకరీ ఆవిడ వేరే ఎవరినో చూసుకుంది. ఇవన్నీ నేను నోటితో చెప్పేలోపే జరిగిపోతున్నాయి. భయపడటానికి కూడా తీరిక దొరకలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మావాడు, "షెడ్లు కడుగుతున్నారట" అన్నాడు.

మా ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపారు.

"సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కడగడానికి మనుషులు కావాలట. కొత్త పిల్లలొచ్చాక మిషను దగ్గరికి."

"వాళ్ళకు ఇంకెవరూ దొరకలేదా?" అంది కోడలు.

"దొరుకుతారు. నా చెయ్యి మంచిదని నాకు చెప్పాడు."

నేను నెమ్మదిగా అన్నాను. "నీ వల్ల కాదన్నావుగా నాయనా. ఆరోజు గేటు దగ్గర్నించి తిరిగొచ్చేశావు."

"ఇక్కడ చేశానుగా అమ్మా." వాడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇక్కడ ఊరికే చేశాను. అక్కడైతే జీతమిస్తారు."

కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. వెటకారమైనా బాగుండేది. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. మా ఆయన నా వైపు చూశారు, నేనేదైనా అంటానేమోనని. నా భయాలన్నీ ఎప్పుడూ జరగబోయే వాటి గురించే. జరిగిపోయినదాని ముందు నాకు మాటలు రావు.

కంపెనీ వ్యాను మా మట్టిదారి మొదట ఆగుతుంది. పొద్దున్నే హారను కొడతాడు డ్రైవరు. మావాడు క్యారేజీ పట్టుకుని వెళతాడు. గేటు దగ్గర ఆగడు. ఎదురింటి టైలరమ్మ నన్ను చూసి, "మీకేం వదినా, మళ్ళీ నెల జీతం ఇల్లయింది. ఇంక నిశ్చింతగా ఉండండి" అంది. ఉద్యోగం మానేసినప్పుడు నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చిన మనిషి. మంచిదే. "అవునమ్మా" అన్నాను.

చలి తగ్గి ఎండలు ముదురుతుండగా డాక్టరు గారు ఫోన్ చేశారు. "వదిలెయ్యొచ్చమ్మా. ఇవాళ్టి నుంచి అభ్యంతరం లేదు. బాబుకు చెప్పండి." బాబు పనిలో ఉన్నాడని చెప్పాను. ఎక్కడని ఆయన అడగలేదు.

కోడలూ నేనూ కలిసి గూడు తలుపు తీశాం. మా ఆయన పీట వేసుకుని కూర్చున్నారు చూడటానికి. ముందు ఒక్కటి తల బయటపెట్టి, లోపలికి లాక్కుంది. మళ్ళీ పెట్టింది. తరవాత ఎవరో తోసినట్టు అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. రెక్కలు విదిల్చుకుంటూ ఏటవాలు పొడవునా పరుగెత్తాయి. తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ అక్కడ కోడి కాలు పడలేదు కదా, గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. కోడలు చప్పట్లు కొట్టింది. "చూశారా అత్తయ్యా, ఏమీ మర్చిపోలేదు!"

నేనూ అనుకున్నాను, ఏమీ మర్చిపోలేదని.

అవి గీరాయి. కాళ్ళతో మట్టి వెనక్కి చిమ్మి, తల వంచి చూశాయి. పురుగు కనబడింది. పొడిచాయి. పురుగు అక్కడే ఉంది. మళ్ళీ పొడిచాయి. పై ముక్కు పొట్టిది, కింది ముక్కు ముందుకొచ్చింది, రెండూ కలవవు. గడ్డిపరకను పట్టుకుని లాగితే జారిపోతోంది. ఒక నల్లపెట్ట ఒకే పరక దగ్గర నిలబడి, పొడిచి, తల పక్కకు వంచి చూసి, మళ్ళీ పొడిచి, అలా ఎంతసేపు చేసిందో. కోడలు లోపలికి పరుగెత్తి గుప్పెడు నూకలు తెచ్చి చల్లింది. గింజలు నేల మీద ఇటూ అటూ దొర్లాయి కానీ నోట్లోకి పోలేదు. కోడలి చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

మా ఆయన పీట మీంచి లేచి, లోపలికి వెళ్ళి పడుకున్నారు.

నేను వెడల్పాటి తట్ట తెచ్చి దాణా పోశాను. లోపల ఉన్నప్పుడు తొట్టిలో తిన్నాయి కదా, అలా అయినా తింటాయేమోనని. ఒకటి చూసింది. తరవాత ఏటవాలు మీదినుంచి అన్నీ దిగి వచ్చాయి. అంత నేలనూ వదిలేసి తట్ట చుట్టూ మూగి, తలలు ముంచాయి. ముంచితే కొంచెం అందుతోంది.

సాయంత్రం వ్యాను దిగి మావాడు ఇంకా బూట్లు విప్పకుండానే పెరట్లోకి వచ్చాడు.

"వదిలారా?"

"వదిలాం నాయనా."

"తింటున్నాయా?"

ఎన్నడూ లేనిది, నేను మంచిమాట చెప్పాను. "తింటున్నాయి. గడ్డి కూడా తింటున్నాయి."

వాడు వంగి తట్టలోకి చూశాడు. చూపుడువేలు దాణాలో నిలువుగా గుచ్చి, ఎంతవరకు మునిగిందో చూసుకున్నాడు. కోళ్ళు వాడి చెయ్యి చూసి దూరం జరిగాయి. వాడు అది గమనించినట్టు లేడు.

"ఇంకా లోతుగా పొయ్యాలమ్మా. ఇంత పల్చగా పోస్తే అందదు వాటికి. అక్కడ మేం నాలుగు వేళ్ళ లోతు తగ్గనివ్వం" అన్నాడు.

మర్నాటి నుంచి అలాగే పోస్తున్నాను.